గరాటులో ఇరుక్కున్న రాయి

ఒక శనివారం రాత్రి పదిన్నరకి, కంప్యూటర్ ఆటలో రాళ్ళు మోసే ఈ ఒక్క బెల్టూ సరిచేసి పడుకుందాం అనుకున్నాను. మళ్ళీ టైం చూసేసరికి మూడు దాటింది. బెల్టు సరిపడలేదు. పైగా దాని పక్కన ఇంకో రెండు బెల్టులు, ఒక పిస్టన్, నాలుగు సెన్సర్లు వచ్చి చేరాయి. వీటన్నిటికీ కలిపి ఉన్న పని ఒక్కటే, గరాటు మూతిలో అడ్డం పడ్డ ఒక రాయిని కిందికి దింపడం. వెనకాల నిలబడి చాలాసేపటి నుంచి చూస్తున్న మా తమ్ముడు, "అక్కా, దాన్ని నువ్వే చేత్తో తీసేస్తే అయిపోయేదిగా?" అన్నాడు. అయిపోయేదే. రెండు సెకన్ల పని. "నీకు తెలీదులే, పోయి పడుకో" అన్నాను, అంతకన్నా మంచి జవాబు ఆ టైంలో నా దగ్గర లేదు.

ముందు ఆట సంగతి చెప్పాలి. ఇది తవ్వకాల ఆట. పేరు చెప్పను, ఎందుకంటే నేను కింద తిట్టబోయేవాటిలో సగం నా తప్పులేనని ఆఖరికి తేలింది, మిగతా సగం ఈ జాతి ఆటలన్నిట్లోనూ ఎంతో కొంత ఉన్నవే. నేల తవ్వితే రాళ్ళు వస్తాయి. కొన్నిట్లో ఖనిజం ఉంటుంది, కొన్ని ఉత్త రాళ్ళు. ఖనిజం ఉన్నవి కొలిమిలో వేస్తే డబ్బులొస్తాయి, ఉత్త రాయి వేస్తే కొలిమి కాసేపు మొరాయిస్తుంది. మొదట్లో అన్నీ చేత్తో మోస్తాం. నాలుగు డబ్బులొచ్చాక బెల్టులు, మోటార్లు, పిస్టన్లు కొని ఆ చాకిరీ యంత్రానికి అప్పగిస్తాం. అప్పగించాక అసలు కథ మొదలవుతుంది.

ఆటోమేషన్ ఆటలంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఫ్యాక్టోరియో. 2020 ఆగస్టులో దాని 1.0, అంటే మొదటి పూర్తి వెర్షన్, వచ్చినప్పటి నుంచి నేనూ వందల గంటలు ఆడాను. అందులో బెల్టు మీద వెళ్ళే వస్తువుకి బరువు లేదు, అది దొర్లదు, పక్కదాన్ని తొయ్యదు, అంచు దాటి కింద పడదు. మామూలు పసుపు బెల్టు సెకనుకి 15 వస్తువులు మోస్తుందంటే మోస్తుంది, రెండు వరసల్లో చెరి ఏడున్నర, ఇవాళ అంతే, వెయ్యి గంటల తర్వాతా అంతే. కాగితం మీద లెక్క వేసుకుని దాని ప్రకారం కట్టుకోవచ్చు, ఏదైనా ఆగిందంటే లెక్క మనం తప్పు వేశామన్నమాట. నలుగురు కలిసి ఆడితే నాలుగు కంప్యూటర్లూ ఎవరి లెక్క అవి చేసుకుని అణువంత తేడా లేకుండా ఒకే జవాబుకి రావాలి, రాకపోతే ఆ ఆటలో అది పెద్ద లోపం కింద లెక్క.

నా తవ్వకాల ఆట లాంటి ఫిజిక్స్ ఆటలో ఆ భరోసా లేదు. ఇక్కడ ప్రతి రాయీ రాయే. దానికి బరువుంది, మూలలున్నాయి, రాపిడి ఉంది. బెల్టు మీద వేస్తే వెళ్తుంది, కానీ ఎలా వెళ్తుందో దాని ఇష్టం. ఈ సరదా కొత్తదేం కాదు, బంతులు, తాళ్ళు, కప్పీలు పెట్టి చిన్న పనిని పెద్ద తతంగంగా చేయించే ది ఇన్‌క్రెడిబుల్ మెషీన్ 1993 నాటిది. ఆ తర్వాత చక్రాలూ కత్తులూ బిగించి కోటలు కూలగొట్టే బిసీజ్, సొంతంగా బండ్లూ యంత్రాలూ కట్టుకునే స్క్రాప్ మెకానిక్ లాంటివి చాలానే వచ్చాయి. నేను మాత్రం ఆలస్యంగా వచ్చాను, అదీ ఫ్యాక్టోరియోలో లెక్కలన్నీ కుదిరిపోయి కాస్త విసుగొచ్చిన రోజుల్లో.

మొదటి బెల్టు పెట్టిన రోజు నాకు బాగా గుర్తు. ఆరు మీటర్ల బెల్టు, చివర కొలిమి. ఒక రాయి వేశాను. అది కాస్త పక్కకి ఒరిగి, బెల్టు అంచు దాకా వెళ్ళి, అక్కడ పడిపోతుందేమో అనిపించి, ఒక మూల మీద తిరిగి, మళ్ళీ మధ్యలోకి వచ్చి కొలిమిలో పడింది. అంతే జరిగింది. ఆ తిరగడం ఎవరూ ముందే గీసిపెట్టిన బొమ్మ కాదు, అలా తిరగమని ఎవరూ రాయలేదు, ఆ రాయికి ఆ క్షణంలో అలా కుదిరింది. ఇంకో రాయి వేశాను, అది ఇంకోలా వెళ్ళింది. అరగంట సేపు ఒక్కొక్క రాయీ వేస్తూ చూస్తూ కూర్చున్నాను. నేను కట్టిన వస్తువు నా చేయి లేకుండా, నేను ఊహించని విధంగా, నేను అనుకున్న పనే చేస్తోంది. ఈ ఆటల ఆకర్షణ ఎక్కడుందని అడిగితే నాకు తెలిసి అక్కడే ఉంది. తలనొప్పి కూడా సరిగ్గా అక్కడే ఉందని తెలియడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

బెల్టులు ఖరీదు, అందుకని వాలు పలకలు పెట్టి రాళ్ళు వాటంతటవే జారేలా చేద్దామనుకున్నాను. 30 డిగ్రీల వాలు కంటికి బాగుంది. సగం రాళ్ళు జారాయి, సగం పలక మధ్యలో కూర్చుండిపోయాయి. వెనక నుంచి ఇంకో రాయి వచ్చి గుద్దితే కదులుతున్నాయి, లేకపోతే లేదు. ఇక్కడ మొదటిసారి ఆటని ఆటలా కాకుండా ప్రయోగశాలలా వాడాను. ఒక పలకని కీలుకి బిగించి, దాని మీద ఒకే ఒక్క రాయి పెట్టి, ఒక్కో డిగ్రీ చొప్పున లేపుతూ పోయాను. 29, కదల్లేదు. 30, కదల్లేదు. 31 దగ్గర కొంచెం అనుమానంగా ఉంది, 32 పెట్టగానే జర్రున జారింది. రాయి జారడం మొదలయ్యే కోణానికి టాన్ కడితే వచ్చేదే రాపిడి గుణకం, టాన్ 31 అంటే 0.6. ఆటలో వస్తువులు పడటం, గుద్దుకోవడం లెక్కపెట్టే ప్రోగ్రాముని ఫిజిక్స్ ఇంజిన్ అంటారు, కొన్ని ఇంజిన్లలో ఈ గుణకానికి మామూలుగా పెట్టి ఉంచే విలువ దాదాపు అదే. స్కూల్లో వాలుతలం మీద దిమ్మ లెక్క ఎన్నిసార్లు చేశానో, ఒక్కసారి కూడా ఒళ్ళు ఝల్లుమనలేదు. ఆ రోజు ఝల్లుమంది. వాలు పలకలన్నీ పీకి 38 డిగ్రీలకి పెట్టాను, మళ్ళీ ఒక్క రాయి ఆగలేదు.

ఆ ఊపులో గరాటు కట్టాను. తవ్విన రాళ్ళన్నీ పైనుంచి గుమ్మరిస్తే గరాటులో నిలవ ఉండి, కింద మూతి గుండా కొంచెం కొంచెంగా బెల్టు మీద పడాలి, బెల్టు మీద సెన్సర్ ఖనిజాన్ని చూసి పిస్టన్‌కి చెప్పాలి, పిస్టన్ దాన్ని పక్కకి తొయ్యాలి. కాగితం మీద మహా అందంగా ఉంది. రాయి సుమారు 20 సెంటీమీటర్లు, మూతి 50 సెంటీమీటర్లు పెట్టాను, రెండు రాళ్ళు పక్కపక్కన పట్టి ఇంకా చోటు మిగులుతుంది కదా అని.

మొదటి నిమిషం బాగా నడిచింది, రెండో నిమిషంలో ఆగింది. కిందికి వెళ్ళి మూతిలోకి తలెత్తి చూశాను. నాలుగు రాళ్ళు. ఒకటి ఎడమ గోడకి ఆనుకుంది, ఒకటి కుడి గోడకి, మధ్యలో రెండు ఒకదాన్నొకటి ఒరుసుకుని గాల్లో ఉన్నాయి. దేని కిందా ఆధారం లేదు, అయినా ఏదీ పడటంలేదు, అడకత్తెరలో పోకచెక్కల్లా ఇరుక్కుని కూర్చున్నాయి. పాత కట్టడాల్లో రాతి కమాను నిలబడుతుందే, అచ్చం అదే. కమాను కట్టమని నేను ఎవరికీ చెప్పలేదు. కట్టడం వచ్చిన మేస్త్రీ కూడా ఎవరూ లేరు అక్కడ. వాటంతటవే కట్టుకున్నాయి, అదీ నాకు సరిగ్గా ఎక్కడ అక్కర్లేదో అక్కడ.

బరువు సరిపోలేదేమో అనుకుని పైన ఇంకో యాభై రాళ్ళు గుమ్మరించాను. తప్పు. పైన బరువు పెరిగేకొద్దీ కమాను ఇంకా బిగుసుకుంటుంది. పైగా గరాటులో పోసిన సరుకు బరువులో చాలా భాగాన్ని గోడలే మోస్తాయట, ఎంత ఎత్తు పోసినా ఒక హద్దు దాటాక అడుగున ఒత్తిడి పెద్దగా పెరగదు. దీన్ని యాన్సెన్ అనే జర్మన్ ఇంజినీరు 1895లోనే ధాన్యం గోదాముల చిన్న నమూనాల మీద కొలతలు తీసి చెప్పాడు. నాకు ఆయన కన్నా వందేళ్ళకి పైగా ఆలస్యంగా, యాభై రాళ్ళు వృథా అయ్యాక తెలిసింది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి, నా మూడు నెలల బాధంతా అందులో ఉంది. ఒక రాయి ఇరుక్కునే అవకాశం వందకి ఒకటే అనుకుందాం. వినడానికి బాగానే ఉంది, 99 శాతం పనిచేసే యంత్రం అంటే ఎవరైనా శభాష్ అంటారు. కానీ వంద రాళ్ళు వరసగా ఇరుక్కోకుండా వెళ్ళే అవకాశం 0.99ని వందసార్లు హెచ్చిస్తే వచ్చేది, అంటే 37 శాతం. నా బెల్టు మీద నిమిషానికి 40 రాళ్ళు. అంటే రెండున్నర నిమిషాలు ఆగకుండా నడవడమే నాణెం ఎగరేసిన దానికన్నా కష్టం. చేత్తో మోసేవాడికి 99 శాతం చాలు, యంత్రానికి అది ఏ మూలకీ చాలదు. మా తమ్ముడికి ఆ రాత్రి చెప్పాల్సింది ఈ లెక్క. ఆ రాయిని చేత్తో తియ్యొచ్చు, ఆ తర్వాత రెండు నిమిషాలకొకసారి తియ్యాలి, అంటే అప్పుడు ఆ యంత్రంలో నేనూ ఒక పిస్టన్‌నే.

సరే, గరాటుని కొడితే? నిజం కర్మాగారాల్లో కూడా గరాటు ఇరుక్కుంటే సుత్తితో బాదుతారు, కొన్నిటికి వణికించే మోటార్లే బిగిస్తారు. నేనూ గోడకి ఒక పిస్టన్ పెట్టి సెకనుకి రెండుసార్లు కొట్టేలా చేశాను. కమానులు కూలిపోయాయి! ఆ ఆనందం పావుగంట. ఆ తర్వాత చూస్తే కిందికి చిన్న రాళ్ళే వస్తున్నాయి. పెద్దవన్నీ పైకి తేలి కూర్చున్నాయి. రకరకాల సైజుల గింజలున్న డబ్బాని కుదిపితే పెద్దవి పైకి వస్తాయే, దానికి బ్రెజిల్ నట్ ఎఫెక్ట్ అని పేరే ఉంది, అది నా గరాటులో దిగబడింది. ఖర్మ ఏంటంటే ఆ ఆటలో ఖనిజం ఎక్కువగా పెద్ద రాళ్ళలోనే ఉంటుంది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, గంటసేపు నడిపితే ఒక చిన్న ముక్క ఖనిజం.

ఇలాంటప్పుడు కోపం రావాలి. నిజం చెప్పాలంటే వచ్చింది, కానీ దాంతోపాటు ఒక రకమైన గౌరవం కూడా వచ్చింది. ఈ ఆట తయారుచేసినవాళ్ళు కమానుల గురించి గానీ, పెద్ద రాళ్ళు పైకి తేలడం గురించి గానీ ఒక్క ముక్క కూడా రాసి ఉండరు. గుద్దుకోవడం, రాపిడి, బరువు, ఈ మూడూ పెట్టి వదిలేశారు. మిగతాదంతా అందులోంచి పుట్టుకొచ్చింది.

అయితే అన్నీ ఇంత గౌరవంగా ఉండవు. కొన్ని తప్పులు అచ్చంగా ఇంజిన్‌వే, వాటిని చూస్తే ఒళ్ళు మండుతుంది. ఉదాహరణకి, కొండ మీద తవ్విన రాళ్ళని కిందకి మోయడం ఎందుకని 20 మీటర్ల ఎత్తునుంచి నేరుగా బెల్టు మీదకి వదిలాను. పదింట్లో రెండు మూడు రాళ్ళు మాయం. ఎక్కడికి పోతున్నాయో తెలీదు. చివరికి బెల్టు కింద దొరికాయి, బెల్టుకి చిల్లు లేదు, పక్కనుంచి పడలేదు, దానిలోంచి దూరి కిందకి వచ్చేశాయి. లెక్క వేసుకుంటే అర్థమైంది. 20 మీటర్లు పడిన రాయి వేగం చివర్లో సెకనుకి దాదాపు 20 మీటర్లు. ఇంజిన్ ప్రపంచాన్ని నిరంతరంగా చూడదు, సెకనుకి ఇన్నిసార్లు అని కన్ను తెరిచి మూస్తుంది. చాలామంది ఆటలు తయారుచెయ్యడానికి వాడే యూనిటీ అనే ఇంజిన్‌లో మామూలు అమరిక 50 సార్లు. అంటే ఒక రెప్పపాటుకీ ఇంకో రెప్పపాటుకీ మధ్య రాయి 40 సెంటీమీటర్లు కదిలింది. బెల్టు మందం 10, రాయి 20. ఈసారి చూసినప్పుడు రాయి పూర్తిగా బెల్టు పైన ఉంది, మళ్ళీ చూసేసరికి పూర్తిగా కింద ఉంది, మధ్యలో గుద్దుకున్న క్షణమే ఇంజిన్ లెక్కలో లేదు. దీన్ని టనెలింగ్ అంటారు. వేగంగా వెళ్ళే వస్తువుల దారి మొత్తాన్ని పరీక్షించే పద్ధతి కూడా ఉంది, కానీ అది ప్రతి రాయికీ పెడితే కంప్యూటర్ మూలుగుతుంది, అందుకే చాలా ఆటల్లో చిల్లర వస్తువులకి పెట్టరు. నాలుగేసి మీటర్ల చొప్పున మెట్లు మెట్లుగా పలకలు పెట్టాను, ఒక్కో మెట్టు దగ్గర వేగం తగ్గి మాయమవడం ఆగింది. మళ్ళీ సరిగ్గా ఈ పని నిజం గనుల్లో కూడా చేస్తారు, రాయి పగిలిపోకుండా, పలక అరిగిపోకుండా. వాళ్ళ కారణం వేరు, నా కారణం వేరు, కట్టింది మాత్రం ఒకటే.

అన్నిటికన్నా నన్ను పిచ్చిదాన్ని చేసింది నిద్రపోయిన రాయి.

ఒకరోజు యంత్రం మొత్తం ఆపి, ఏదో సరిచేసి, మళ్ళీ ఆన్ చేశాను. మోటార్లు తిరుగుతున్నాయి, బెల్టు బొమ్మ కదులుతోంది, చప్పుడు వస్తోంది. బెల్టు మీద రాయి మాత్రం కదలదు. కింద బెల్టు వెళ్ళిపోతోంది, పైన రాయి తపస్సు చేస్తున్నట్టు అక్కడే ఉంది. స్విచ్చు ఆపి వేశాను, ఊహూఁ. బెల్టు పీకి కొత్తది వేద్దామని దగ్గరికి వెళ్ళి, వంగుతుంటే నా పాత్ర కాలు ఆ రాయికి తగిలింది. అంతే, ఎవరో పిలిచినట్టు ఉలిక్కిపడి లేచి బెల్టుతోపాటు వెళ్ళిపోయింది! నేను పెద్దగా నవ్వాను, మా తమ్ముడు పక్క గదిలోంచి వచ్చాడు. "ఏమైందక్కా?" "రాయి నిద్రపోయిందిరా." వాడు నా మొహం కేసి ఒకసారి, తెర కేసి ఒకసారి చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

కానీ నిజంగా ఆ మాటే వాడతారు. కదలకుండా కాసేపు ఉన్న వస్తువుని ఇంజిన్ నిద్రపుచ్చుతుంది, దాని గురించి లెక్కలు వెయ్యడం మానేస్తుంది, లేకపోతే వందల రాళ్ళని ప్రతి క్షణం లెక్కపెట్టలేదు. ఏదైనా వచ్చి తగిలితే లేపుతుంది. చిక్కేంటంటే, ఇలాంటి ఆటల్లో బెల్టు నిజంగా కదలదు, దాని మీదున్నవాటికి వేగం ఇస్తుందంతే. అందుకని బెల్టు ఆన్ అయిన సంగతి నిద్రలో ఉన్న రాయికి తెలియదు. కారణం తెలిశాక మందు తేలిక, ప్రతి బెల్టు మొదట్లో ఒక చిన్న పిస్టన్ పెట్టి, ఆన్ చెయ్యగానే ఒక్కసారి బెల్టు మీద తట్టేలా చేశాను. మొదటి రాయి లేచి రెండోదాన్ని లేపుతుంది, అది మూడోదాన్ని. దానికి మేలుకొలుపు పిస్టన్ అని పేరు పెట్టుకున్నాను. నా కర్మాగారంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు, ఏ నిజం ఫ్యాక్టరీలోనూ అక్కర్లేదు.

టైమర్ల గొడవ త్వరగా చెప్పేస్తాను. సెన్సర్ దగ్గర్నుంచి పిస్టన్ దాకా రాయి రావడానికి 1.2 సెకన్లు పడుతోంది, అందుకని 1.2 సెకన్ల టైమర్ పెట్టాను. రాళ్ళు 600 దాటాక కంప్యూటర్ ఆయాసపడి ఆటలో కాలం నెమ్మదించింది, కానీ నా టైమర్ మాత్రం గోడ గడియారం ప్రకారమే కొట్టింది. రాయి ఇంకా రాకముందే పిస్టన్ గాల్లోకి గుద్దడం, రాయి వచ్చేసరికి వెనక్కి వెళ్ళిపోవడం. ఖనిజమంతా చెత్తలోకి, చెత్తంతా కొలిమిలోకి. టైమర్ పీకి పిస్టన్ ఎదురుగానే రెండో సెన్సర్ పెట్టాను. అప్పట్నుంచి ఎంతసేపు పడుతుందని అడగడం మానేసి, వచ్చిందా లేదా అనే అడుగుతున్నాను.

ఇంతా చేసి, ఒక ఆదివారం సాయంత్రం అన్నీ సవ్యంగా నడుస్తుంటే సేవ్ చేసి మూసేశాను. మర్నాడు తెరిచాను. గరాటు పేలింది. అక్షరాలా పేలింది, లోపల రాశిగా ఉన్న రెండు వందల రాళ్ళు నాలుగు దిక్కులకీ ఎగిరాయి, ఒకటి వెళ్ళి పిస్టన్‌ని దాని కీలులోంచి ఊడగొట్టింది. రాశిగా పడున్న రాళ్ళు ఎప్పుడూ ఒకదాన్లోకి ఒకటి వెంట్రుకవాసి చొరబడి ఉంటాయి, ఇంజిన్ వాటిని మెల్లగా సర్దుతూ వస్తుంది, కిందటి క్షణం ఎంత బలంతో ఆపానో గుర్తుపెట్టుకుని ఈ క్షణం అక్కణ్ణుంచి మొదలుపెడుతుంది. సేవ్ ఫైలులో రాయి ఎక్కడుందో ఉంటుంది, ఈ జ్ఞాపకం ఉండదు. తెరవగానే అన్నీ ఒక్కసారిగా "నువ్వు నా చోట్లో ఉన్నావ్" అని తోసుకున్నాయి.

అదే సేవ్ మళ్ళీ తెరిచాను. ఈసారి పేలలేదు. మూడోసారి కొంచెం పేలింది. ఒకే ఫైలు, ఒకే కంప్యూటర్, మూడు ఫలితాలు. కంప్యూటర్ అంటే ఒకే ప్రశ్నకి ఒకే జవాబు ఇచ్చేది కదా అని నా గొడవ. కానీ దశాంశాల కూడికలో వరస మారితే జవాబు మారుతుంది. 0.1, 0.2 కలిపి దానికి 0.3 కలిపితే కంప్యూటర్‌కి వచ్చేది 0.6000000000000001, అదే 0.2, 0.3 ముందు కలిపి దానికి 0.1 కలిపితే 0.6. రాళ్ళని ఏ వరసలో లెక్కపెట్టిందన్న దాన్నిబట్టి ఎక్కడో చివరి అంకెలో తేడా వస్తుంది, గుద్దుకున్న ప్రతిసారీ అది పెరుగుతుంది. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రవేత్త వాతావరణం లెక్కలో 0.506127కి బదులు 0.506 అని కొట్టి, పూర్తిగా వేరే వాతావరణం తెచ్చుకున్నాడు. ఆయనది మూడు అంకెల తేడా, నాది అంతకన్నా చాలా చిన్నది. అయితేనేం, రెండు వందల రాళ్ళు చాలు దాన్ని పెద్దది చెయ్యడానికి.

ఇదంతా ఇప్పుడు తాపీగా చెప్తున్నాను గానీ, ఆ రోజు ఆట తీసేశాను. కంప్యూటర్లోంచే తీసేశాను. ఈ ఆటల మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇదే, ఏది పాడైనా అది నా తప్పో ఇంజిన్ తప్పో ముందు తెలియదు. కమాను నా తప్పు. పేలుడు నాది కాదు. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి, రెండిటికీ ఒకే ఓపిక ఖర్చవుతుంది. నా తప్పు అయితే వెతికినకొద్దీ ఏదో ఒకటి తెలుస్తుంది, ఇంజిన్ తప్పు అయితే మూడు గంటలు వెతికాక తెలిసేది ఏమీ లేదనే. ఫ్యాక్టోరియోలో ఈ అనుమానమే రాదు. దాన్ని తయారుచేసినవాళ్ళు బెల్టు మీద వస్తువుకి బరువు ఎందుకు పెట్టలేదో ఆ రోజు నాకు బాగా అర్థమైంది.

పది రోజులు ముట్టుకోలేదు. పదకొండో రోజు వేరే ఏదో పని చేస్తుండగా, గరాటు మూతి చిన్నదిగా ఎందుకుండాలి అనిపించింది. నేను మూతిని చిన్నది చేసింది రాళ్ళు ఎక్కువ రాకుండా ఆపడానికి. ఆపే పని మూతి ఎందుకు చెయ్యాలి? మూతి రాయి కన్నా ఐదారు రెట్లు వెడల్పుంటే కమాను కట్టుకోవడం చాలా అరుదు. పెద్ద మూతి పెట్టి, దాని కిందనే ఆనించి ఒక వెడల్పాటి బెల్టుని నత్తనడక నడిపిస్తే, రాళ్ళు ఎంత రావాలో ఆ బెల్టు వేగం నిర్ణయిస్తుంది. మళ్ళీ డౌన్‌లోడ్ పెట్టాను.

ఈసారి కట్టింది చూడ్డానికి ఏమీ బాగుండదు. వెడల్పు మూతి, కింద నత్త బెల్టు, దాని తర్వాత రెట్టింపు వేగంతో ఇంకో బెల్టు, రాళ్ళ మధ్య ఎడం రావడానికి. బెల్టు అంచులకి గోడలు. సుత్తి పిస్టన్ ఉంది, కానీ ఎప్పుడూ కొట్టదు, కింద సెన్సర్‌కి పది సెకన్ల పాటు రాయి కనిపించకపోతేనే ఒకసారి కొడుతుంది. పిస్టన్ గురి తప్పి ఖనిజం చెత్త వైపు వెళ్తే దాన్ని మళ్ళీ గరాటులోకే చేర్చే తిరుగు బెల్టు ఉంది, దాని ముందు ఇంకో సెన్సర్. సేవ్ చేసే ముందు గరాటు ఖాళీ చేసే మీట ఉంది. మొత్తంలో సగానికి పైగా భాగాలు ఏదో ఒకటి తప్పు జరిగితే తప్ప పనిచెయ్యనివే. మొదటి గరాటు కట్టినప్పుడు రాయి ఎలా వెళ్ళాలో ఆలోచించాను, ఇది కట్టేటప్పుడు వెళ్ళకపోతే ఏం చెయ్యాలో ఆలోచించాను.

మొదటి పరీక్షలో ఇరవై నిమిషాలు నడిచింది, ఒక రాయి గోడ మీదకి ఎక్కి కూర్చుంది. గోడ ఎత్తు పెంచాను. రెండోసారి గంటన్నర. తిరుగు బెల్టు మలుపులో రెండు రాళ్ళు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి, అక్కడ వేగం తగ్గించాను. మూడోసారి గరాటు నిండా పోసి, తవ్వే యంత్రాన్ని కూడా దానికి కలిపి, రాత్రి పన్నెండింటికి ఆన్ చేసి, తెర ఆపి పడుకున్నాను. నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి. రెండుసార్లు లేచి వెళ్ళి ఫ్యాన్ చప్పుడు విని వచ్చాను, చప్పుడు వస్తోందంటే లెక్కలు నడుస్తున్నాయని.

పొద్దున ఆరింటికి తెర ఆన్ చేశాను. బెల్టులు తిరుగుతున్నాయి. కౌంటర్‌లో 14,212. కొలిమి వెలుగుతోంది. సుత్తి పిస్టన్ రాత్రంతా తొమ్మిదిసార్లు కొట్టింది, అంటే తొమ్మిదిసార్లు కమాను కట్టుకుంది, తొమ్మిదిసార్లూ నేను లేకుండానే కూలింది. మా తమ్ముడిని లేపి తీసుకొచ్చి చూపించాను. వాడు కళ్ళు నులుముకుంటూ కాసేపు చూసి, "అక్కా, అదేంటి?" అని ఒక మూలకి వేలు పెట్టాడు. తిరుగు బెల్టు మలుపు దగ్గర, గోడకీ స్తంభానికీ మధ్య సందులో, ఒక రాయి గాల్లో నిలబడి తనంతట తను గిరగిరా తిరుగుతోంది. దేనికీ అడ్డం లేదు, ఏ బెల్టూ దాన్ని తాకడంలేదు. ఎప్పటి నుంచి తిరుగుతోందో తెలీదు.

చెయ్యి మౌస్ మీదకి వెళ్ళింది. "వద్దక్కా, దాన్ని తియ్యకు," అన్నాడు వాడు, కుర్చీ లాక్కుని కూర్చుంటూ, "ఎంతసేపు తిరుగుతుందో చూద్దాం."